ఆశ్రయపురములు – కృష్ణా డెల్టా సంఘచరిత్రలో తెరచిన తలుపులు, మూసిన తలుపులు

శతవత్సర ఉత్సవ సమయమున వెలువడు ఇట్టి ప్రత్యేక సంచికలలో మనము సామాన్యముగా లెక్కించునవి కొన్ని కలవు. ఎన్ని దేవాలయములు కట్టబడెను, ఎన్ని బడులు తెరువబడెను, ఎందరు గురువులుగా అభిషేకము పొందిరి, ఏయే పల్లెలలో సంఘములు వెలసెను అని వరుసగా వ్రాసికొని దేవుని స్తుతింతుము. అది తగినదే. అయితే సంఘస్థులారా, ఈ వ్యాసమందు మేము మరియొక లెక్క చూడగోరుచున్నాము. ఇంటనుండియు ఊరినుండియు వెళ్లగొట్టబడినవారికి మన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో ఎవరి ఇల్లు ఆశ్రయమిచ్చెను? ఎవరికి ఇయ్యకపోయెను? ఆ చరిత్ర యెదుట నిలిచి, నేడు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులని పిలువబడువారికి, మనవారు హిజ్రాలని వాడుకగా చెప్పుకొనువారికి, మన తలుపు ఎట్లున్నది?

ఇశ్రాయేలీయులు కనాను దేశమును పంచుకొన్నప్పుడు ఆరు ఆశ్రయపురములను ఏర్పరచిరని సంఖ్యాకాండమునందును యెహోషువ గ్రంథమునందును చదువుచున్నాము. యొర్దానునకు ఈవల మూడు, ఆవల మూడు. పొరపాటున ప్రాణము తీసినవాడు పగవాని చేతినుండి తప్పించుకొని అక్కడికి పరుగెత్తవలెను. ఆ పట్టణపు పెద్దలు గవినియొద్ద అతని మాట విని, లోపలికి చేర్చుకొని, నివసించుటకు స్థలమియ్యవలెను. ఇందులో మూడు సంగతులు గమనింపదగినవి. వచ్చినవాని మాట వినుట మొదటిది. ఉండుటకు చోటిచ్చుట రెండవది. అక్కడికి పోవు త్రోవను ముందుగానే సిద్ధపరచియుంచుట మూడవది. ఈ మూడు కొలతలతో మన డెల్టా చరిత్రను కొలిచి చూతము.

1852: బందరులో ఒక ఇల్లు

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ దొరలు 1841లో బందరు చేరిరన్నది మన ఆదివారపు బడి పిల్లలకుకూడ తెలిసిన సంగతి. ఫాక్స్ దొరగారు పల్లెలు తిరిగి వాక్యము చెప్పి, ఆరోగ్యము చెడి, 1848లోనే గతించిరి. నోబుల్ దొరగారు 1843లో బడి తెరచి, స్వదేశమునకు ఒక్కసారియు పోక, 1865లో బందరులోనే కన్నుమూసిరి. బడి తెరచిన తొమ్మిదేండ్ల వరకు విద్యార్థులలో ఒక్కరును బాప్తిస్మము కోరలేదు.

1852లో ఆ బడి విద్యార్థులు ఇద్దరు, బ్రాహ్మణ కులస్థుడైన మంచాల రత్నము, వెలమ కులస్థుడైన అయినాల భూషణము, ఇల్లు విడిచి నోబుల్ దొరగారి ఇంటికి వచ్చి చేరిరి. ఊరంతయు అల్లకల్లోలమయ్యెను. బంధువులు వచ్చి ఏడ్చిరి, బ్రతిమాలిరి, బెదరించిరి. తల్లిదండ్రులు తమ కుమారులను బడి మాన్పించుటతో పాఠశాల ఖాళీ అయ్యెను. తొమ్మిదేండ్లు కష్టపడి కూర్చుకొన్న పని యొక్క దినములో కూలినట్లయ్యెను. అయినను ఆ ఇంటి తలుపు ఆ ఇద్దరు యువకులకు మూయబడలేదు. కొంతకాలమునకు పిల్లలు మరల బడికి వచ్చిరి. ఆ ఇద్దరును తరువాత గురువులై తెలుగు సంఘమునకు సేవచేసిరి.

ఈ సంగతిని మనము బాప్తిస్మపు చరిత్రగా మాత్రమే చెప్పుకొందుము. అది ఆశ్రయపు చరిత్ర కూడ. బాప్తిస్మమునకు నీళ్లు ఎంత అవసరమో, ఆ రాత్రి పడుకొనుటకు చాప, మరునాడు ఉదయము తినుటకు అన్నము అంత అవసరము. ఆ రోజులలో కులము విడిచిన వానికి సొంత ఇంట అన్నము లేదు, ఊరి బావియొద్ద నీరు లేదు, అద్దెకు ఇల్లు లేదు. తండ్రి బ్రతికియుండగనే చనిపోయినవానికివలె అతనికి కర్మకాండలు జరిపించుట కూడ కలదు. ఒక ఇల్లు తెరచియుండుటచేతనే ఆ విశ్వాసము నిలువగలిగెను.

ఆ దినములలో బందరు పెద్దలు ఏమని వాదించిరో ఊహించుట కష్టము కాదు. మన పిల్లలు చెడిపోవుదురు, మన ఆచారము పోవును, మన కుటుంబములకు అప్రతిష్ఠ. ఆ మాటలను మేము ఇక్కడ ఊరకే చెప్పుటలేదు. ముందు మరల వాటిని జ్ఞాపకము చేయవలసియున్నది.

ఆ తలుపు అందరికిని తెరువబడలేదు

చరిత్రను సత్యముగా చెప్పవలెనన్న, రెండవ పుటను కూడ త్రిప్పవలెను. నోబుల్ దొరగారి బడి ఆరంభ సంవత్సరములలో పై కులముల పిల్లలకొరకైనది. మాల, మాదిగ బిడ్డలు వచ్చినయెడల ఇతరులు రారని, పై కులములను మొదట గెలిచినయెడల క్రిందివారికి సువార్త తానే దిగివచ్చునని ఆయన తలంచిరి. బ్రాహ్మణ యువకునికి ప్రాణములకు తెగించి తెరచిన తలుపు, ఊరి వెలుపల పేటలోని బాలునికి ఆ కాలమందు తెరువబడలేదు.

అయితే సువార్త దిగి రాలేదు, క్రిందినుండి పైకి లేచెను. రాఘవాపురము గ్రామస్థుడు, మాల కులస్థుడైన పగోలు వెంకయ్యగారు డార్లింగు దొరగారివలన 1859లో బాప్తిస్మము పొందిరి. ఆయన తన ఇంటివారిని, తన పేటను వెంటబెట్టుకొని వచ్చిరి. పిమ్మట కృష్ణా తీరమున పల్లె తరువాత పల్లె కదలెను. నేడు మన దేవాలయములలో బల్లలు నిండుచున్నవనిన, మనలో అనేకుల తాతముత్తాతలు ఆ మార్గమున వచ్చినవారే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులైన అజరయ్య అయ్యగారు, ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు, తమ సేవాకాలములో అధిక భాగమును ఊరి వెలుపలి పేటలలోనే గడపిరి.

దీనినుండి మనము నేర్చుకొనవలసిన పాఠమొకటి కలదు. ఆశ్రయమిచ్చినవారుకూడ తమకు తెలియకుండగనే ఒక గీత గీయుదురు. ఇతడు తగినవాడు, అతడు తగడు అని గీసిన గీత ఏబది సంవత్సరములు గడచిన తరువాతగాని తప్పని తెలియదు. ఆ గీతకు వెలుపల ఒకప్పుడు నిలువబడినవారి సంతానమే నేడు లోపల కూర్చుండియున్నది.

సముద్రము వచ్చిన రాత్రులు

మన ప్రాంతమునకు ఆశ్రయము అను మాట వేదాంతము కాదు. సముద్రమే దాని అర్థమును మనకు నేర్పెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయిరి. పదమూడు అడుగుల ఎత్తున నీరు పట్టణములోనికి వచ్చినదని ఆ కాలపు లెక్క. షార్కీ దొరసానిగారు నడపుచుండిన బాలికల వసతిగృహములోని పిల్లలు పలువురు ఆ రాత్రి నీటిపాలైరి.

1977 నవంబరు 19, శనివారము. దివిసీమ ఉప్పెనను గూర్చి ఈ సంచిక చదువువారిలో అనేకులకు మేము చెప్పవలసిన పని లేదు, వారి ఇండ్లలోనే ఆ రాత్రి మృతుల పేరులు కలవు. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది మరణించిరి. సొర్లగొంది వంటి తీరగ్రామములు దాదాపు తుడిచిపెట్టుకొనిపోయెను. చనిపోయినవారిలో ఎక్కువమంది పాకలలో నివసించు కూలీలు, జాలరులు, యానాదులు. మట్టిగోడలు నానిపోయెను, తాటాకు కప్పు ఎగిరిపోయెను. మేడ ఉన్నవాడు బ్రతికెను, చెట్టు దొరికినవాడు బ్రతికెను. అవనిగడ్డవారైన మండలి వెంకట కృష్ణారావుగారు బాధితులకు చేసిన సేవను కులమత భేదము లేక అందరును నేటికిని తలచుకొనుచున్నారు. కాసా మొదలగు క్రైస్తవ సంస్థలును, రామకృష్ణ మిషను మొదలగు ఇతర సంస్థలును ఇండ్లు కట్టించెను. తీరము పొడవున తుఫాను షెల్టర్లు లేచెను. 1990 మే నెలలో బందరు సమీపమున తీరము దాటిన పెనుతుఫానులో మృతులు వేయిమంది లోపల నుండుటకు, ముందుగా హెచ్చరించి లక్షలాదిమందిని షెల్టర్లకును ఎత్తైన చోట్లకును తరలించుటయే ముఖ్యకారణము.

ఇక్కడ ఒక సంగతి ఆలోచింపవలెను. తుఫాను సమయమున షెల్టరునకు ఎట్లు పోవుదుము? కుటుంబముగా పోవుదుము. సహాయము ఎట్లు వచ్చును? రేషను కార్డును బట్టి, ఇంటి యజమాని పేరును బట్టి వచ్చును. కార్డులో పేరు కొట్టివేయబడినవాడు, కుటుంబము వదలివేసినవాడు, కార్డులో పురుషుడని ఉండి చీర కట్టుకొని వచ్చినవారు, ఏ వరుసలో నిలువవలెను? ఆడువారి గదిలోనా, మగవారి గదిలోనా?

ఇది ఊహించి చెప్పుచున్న మాట కాదు. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత తమిళనాడు తీరములో తిరిగి చూచిన చమన్ పించాగారు 2008లో ప్రకటించిన అధ్యయనమునందు దీనిని వివరముగా వ్రాసిరి. అక్కడ అరవాణీలని పిలువబడు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు రేషను కార్డులు లేకపోవుటచేత సహాయము అందలేదు. తాత్కాలిక వసతులలో చోటు దొరకలేదు. మృతుల లెక్కలలోకూడ వారి నష్టము కనబడలేదు. సముద్రము వారిని విడిచిపెట్టలేదు, లెక్కలు మాత్రమే విడిచిపెట్టెను. మన తీరమునకును తుఫానులు ఆగలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్లయొద్ద తీరము దాటినది మనకు జ్ఞాపకమే. రాబోవు తుఫాను రాత్రి మన గ్రామమందలి షెల్టరు వాకిట ఎవరు నిలిచియుందురో, ఎవరిని పక్కకు పొమ్మందురో ముందుగా తలంచుకొనవలెను.

రంగస్థలముపై గౌరవము, వీధిలో అవమానము

స్త్రీవేషము మన డెల్టాకు క్రొత్త కాదు. మొవ్వ ప్రక్కనున్న కూచిపూడి గ్రామములో తరతరములుగా పురుషులే స్త్రీపాత్రలు ధరించుచు వచ్చిరి. వేదాంతం సత్యనారాయణ శర్మగారు (1935–2012) సత్యభామగా రంగముపై నడచినయెడల స్త్రీలే ఆయన నడకను చూచి నేర్చుకొనవలెనని చెప్పుకొనిరి. 1970లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించెను. గుడివాడ ప్రక్క రామాపురములో 1924లో జన్మించిన అక్కినేని నాగేశ్వరరావుగారు నాటకములలో స్త్రీపాత్రలతోనే తమ నటజీవితమును ఆరంభించిరి. ఆ కాలమున స్త్రీలు నాటకమాడుట తగదని తలంచుటచేత ఆ పని బాలురు చేయవలసివచ్చెను. గుడివాడ కళాశాల నేటికిని ఆయన పేరు మోయుచున్నది.

నటుడు వేరు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తి వేరు. వేషము రాత్రి తీసివేయబడును. మనస్సులోపల తాను స్త్రీనని ఎరుగుట తీసివేయబడునది కాదు. ఈ రెంటిని కలుపుట మా ఉద్దేశము కాదు. కాని ఒక ప్రశ్న మిగులును. చీర కట్టిన పురుషుని రంగస్థలముపై చూచి చప్పట్లు కొట్టిన ప్రజ, గుడివాడ జంక్షనులో రైలు ఆగినప్పుడు చేయి చాపిన మనిషిని చూచి ఎందుకు ముఖము త్రిప్పుకొనుచున్నది? చప్పట్లు అక్కడను ఇక్కడను కలవు. అక్కడ మనము కొట్టుదుము, ఇక్కడ వారు కొట్టుదురు. అంతే భేదము.

వెళ్లగొట్టబడినవారు కట్టుకొన్న ఇల్లు

మన పిల్లలకు మనము చెప్పనందున, హిజ్రాల జీవితమును గూర్చి మనకు వదంతులే ఎక్కువ తెలియును. ఉన్నదున్నట్లు చెప్పవలెనన్న, వారిలో గురువు, చేలా అను బంధము కలదు. ఇల్లు విడిచి వచ్చిన చిన్నవారిని ఒక పెద్ద తన చేలాగా స్వీకరించును. గురువునకు గురువైనవారిని నాని యందురు. ఒకే గురువు చేలాలు ఒకరికొకరు తోబుట్టువులు. వ్యాధి వచ్చినపుడు చూచుకొనువారును, చనిపోయినపుడు ఏడ్చువారును వీరే. చేలా సంపాదనలో గురువునకు భాగము చెల్లవలెను గనుక అందులో బాధలు, బంధనములుకూడ కలవు. అయినను రక్తసంబంధులు వదలిన మనిషికి ఒక కుటుంబమును, ఒక వంటపొయ్యిని ఆ కట్టుబాటే ఇచ్చెను. మనము ఇయ్యని ఆశ్రయపురమును వారే కట్టుకొనిరి.

రాజ్యము వారిని ఎట్లు చూచెను? 1871లో బ్రిటిషువారు చేసిన నేరస్థ జాతుల చట్టము, ఉత్తర హిందూస్థానములో వారి పేరులను పోలీసు రిజిస్టరులో వ్రాయించెను. మనకు పొరుగుననున్న నైజాము రాజ్యములో 1329 ఫసలీ, అనగా 1919లో, అట్టి చట్టమే వచ్చెను. స్త్రీవేషముతో బహిరంగ స్థలమున కనబడినను, పాడినను, ఆడినను వారంటు లేకుండ పట్టుకొనవచ్చునని అది చెప్పెను. నైజాము పోయి, రాష్ట్రములు మారి, పేరులు మారినను ఆ చట్టము పుస్తకములో నిలిచియుండెను. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసెను. నూరేండ్లకు పైబడి నిలిచిన చట్టమది. మనము శతవత్సరము జరుపుకొనుచుండగా, కొందరికి నూరేండ్లనగా ఏమో ఆలోచింపుడి.

2011 జనాభా లెక్కలలో మొదటిసారిగా స్త్రీ, పురుషులుగాక ‘ఇతరులు’ అను గడి చేర్చబడెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది, దేశమంతట 4,87,803 మంది ఆ గడిలో లెక్కకు వచ్చిరి. భయముచేత చెప్పనివారు ఆ లెక్కలో లేరు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వారిని మూడవ లింగముగా గుర్తించి, ఇతర పౌరులకున్న హక్కులన్నియు వారికిని గలవని తీర్పు చెప్పెను. 2019లో పార్లమెంటు చేసిన చట్టము, ట్రాన్స్‌జెండర్ అయినందుకు బిడ్డను తల్లిదండ్రులనుండి వేరుచేయరాదని, సొంత ఇంట నివసించు హక్కు వారికి కలదని చెప్పెను. ఇల్లులేని వారికొరకు గరిమా గృహ్ అను వసతిగృహములు ఏర్పడి, మొదటిది 2020 నవంబరు 25న వడోదరలో తెరువబడెను. మన రాష్ట్రములో వారికి నెలసరి పింఛను ఏర్పడి, 2024 జూలై నుండి రూ. 4,000 అయ్యెను.

చట్టము గొప్పదే. కాని బిడ్డ సొంత ఇంట ఉండవచ్చునని పార్లమెంటు చెప్పినంతమాత్రమున తండ్రి తలుపు తీయునా? పింఛను వచ్చినంతమాత్రమున ఇంటి యజమాని గది అద్దెకిచ్చునా? చట్టము ఆగిపోవు గడపయొద్దనే సంఘము పని మొదలగును.

మన గుడికి వెలుపల తెరచిన తలుపు

ఇతరులు చేసిన మేలునుకూడ చెప్పుట న్యాయము. బందరు హిందూ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసిన గోపరాజు రామచంద్రరావుగారు, గోరా అని ప్రసిద్ధులు, దేవుడు లేడని చెప్పినందుకు ఉద్యోగము పోగొట్టుకొనిరి. ఆయన భార్య సరస్వతమ్మగారితో కలిసి 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారెను. అంటరానివారని ఎంచబడినవారితో కలిసి భుజించుట, కులాంతర వివాహములు చేయుట, సమాజము వెలివేసిన స్త్రీలకు నిలువ నీడ చూపుట వారి నిత్యకార్యములు. వారి సిద్ధాంతమును మనము అంగీకరింపము. కాని గాయపడినవానిని చూచి యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోగా, అన్యుడని ఎంచబడినవాడు గాడిదపై ఎక్కించుకొనిపోయెనని మన ప్రభువు చెప్పిన ఉపమానము, మన కృష్ణా జిల్లాలోనే జరిగియుండవచ్చునని మాత్రము ఒప్పుకొనవలెను.

వాక్యము ఏమనుచున్నది?

సంఘస్థులు కొందరు ద్వితీయోపదేశకాండము ఇరువది మూడవ అధ్యాయమును చూపి, అట్టివారు సమాజములో చేరరాదు గదా అని అడుగుదురు. ఆ మాట అక్కడ ఉన్నది. అయితే గ్రంథము అక్కడ ముగియలేదు. యెషయా ప్రవక్త ఏబది ఆరవ అధ్యాయములో, నేను ఎండిన చెట్టునని షండుడు అనుకొనవలదని, దేవుని మందిరములో అతనికి కుమారులకంటెను కుమార్తెలకంటెను శ్రేష్ఠమైన పేరు ఉండునని భావము వచ్చునట్లు ప్రకటించెను. యిర్మీయా బురదగోతిలో దిగబడియుండగా అధిపతులెవరును కదలలేదు. రాజుయింటి షండుడు, కూషీయుడైన ఎబెద్మెలెకు, పాతగుడ్డలు చంకలక్రింద పెట్టుకొనుమని చెప్పి, త్రాళ్లతో ప్రవక్తను పైకి లాగెను. అట్టివాడు ఆశ్రయము పొందువాడు మాత్రమే కాడు, ఆశ్రయమిచ్చువాడు కూడనని ఆ చరిత్ర తెలుపుచున్నది. అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయములో ఐతియొపీయుడైన నపుంసకుడు, తనకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమని ఫిలిప్పును అడిగెను. ఫిలిప్పు కమిటీ వేయలేదు, నీటిలోనికి దిగెను.

ఆ కాలపు షండులును నేటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తులును అన్ని విధముల ఒక్కటేయని మేము చెప్పుటలేదు. దేహమును బట్టి గుమ్మము వెలుపల నిలుపబడుట మాత్రము ఇరువురికిని సమానము. ఆ గుమ్మమునుండి దేవుడు వారిని ఏ దిక్కునకు పిలిచెనో ఆ వాక్యములే చూపుచున్నవి.

మన సంఘములకు మనవి

పాస్టరేటులలో సేవచేయు గురువులకు తెలిసిన సంగతియొకటి కలదు. ఆరాధన ముగిసి అందరు వెళ్లిన పిమ్మట తల్లులు వెనుక నిలిచియుందురు. బిడ్డ విజయవాడకో హైదరాబాదుకో పోయినాడయ్యగారూ, జుట్టు పెంచుకొన్నాడట, ఇంటికి రావద్దని తండ్రి చెప్పినాడు, ప్రార్థన చేయండి అని నెమ్మదిగా చెప్పుదురు. ఆ తల్లులు పేరు ఎత్తరు, ఏడ్చుటకుకూడ వెరతురు. వారు వేరొక జాతివారు, ఎచ్చటినుండియో వచ్చినవారు అని మనము తలంచుచున్నాము. వారు మన ఆదివారపు బడిలో వాక్యములు వల్లించినవారు, మన క్రిస్మస్ నాటకములో దేవదూతలుగా నిలిచినవారు. మన ఇండ్లనుండియే వెళ్లినవారు.

వారిని చేర్చుకొన్నయెడల మన పిల్లలు చెడిపోవుదురు, మన కుటుంబములకు అప్రతిష్ఠ అను మాట అప్పుడే వినబడును. 1852లో బందరు తల్లిదండ్రులు మనలను గూర్చి తలంచినది ఇదే గదా! ఆ నాడు ఆ భయమునకు లోబడి ఆ ఇంటి తలుపు మూయబడియున్నయెడల, నేడు ఈ సంచిక వ్రాయుటకు మేము లేము, చదువుటకు మీరు లేరు.

గనుక శతవత్సరమున మేము కోరునది పెద్ద కట్టడము కాదు. నాలుగు చిన్న పనులు.

మొదటిది, మాట. వీధిలో వారిని పిలుచు నీచపు మాటలు మన ఇండ్లలో, మన యువజనుల వేళాకోళములో వినబడకుండవలెను. వారు ఏ పేరు చెప్పుకొందురో ఆ పేరుతోనే పిలిచి, బల్లపై చోటు చూపవలెను.

రెండవది, ఇల్లు. బిడ్డ తన సంగతి చెప్పిన రాత్రి తండ్రి కోపము తీవ్రముగా ఉండును. ఆ రాత్రి ఆ బిడ్డ బస్టాండుకు పోకుండ, ప్రతి పాస్టరేటులోను తలుపు తీయగల రెండు కుటుంబములైనను ఉండవలెను. స్త్రీల మైత్రి సహోదరీలు ఈ పనికి ముందుకు వచ్చుట మంచిది, ఏలయనగా కోపించిన తండ్రితోను ఏడ్చు తల్లితోను మాటలాడుట వారికి తెలియును. అద్దె ఇండ్లున్న సంఘస్థులు తమ గదిని ఇట్టివారికి ఇచ్చినయెడల అదియు సేవయే.

మూడవది, తుఫాను. మన బడులును దేవాలయములును ఉప్పెన కాలమున తెరువబడును. ఆ పూట ఎవరినిగాని కార్డు అడిగి, వేషము చూచి పంపివేయరాదని కమిటీలు ముందుగానే తీర్మానించి, వారికి కూర్చుండుటకు, మరుగుదొడ్డికి తగిన ఏర్పాటు చేయవలెను. గాలి లేచిన తరువాత చర్చించుటకు సమయముండదు.

నాలుగవది, సమాధి. సంఘము వదలివేసిన బిడ్డ మరణించి తిరిగి వచ్చినపుడు సమాధుల తోట గేటుయొద్ద వాదములు రాకూడదు. బాప్తిస్మపు రిజిస్టరులో పేరున్నవారికి మన మట్టిలో ఆరడుగులు న్యాయముగా చెల్లవలెను. ఆ దినమున గురుభాయిలు వచ్చి ఏడ్చినయెడల వారినికూడ లోనికి రానియ్యవలెను, వ్యాధిలో చూచుకొన్నది వారే గనుక.

ఆశ్రయపురములకు పోవు త్రోవను సిద్ధపరచవలెనని ద్వితీయోపదేశకాండములో ఆజ్ఞ కలదు. పరుగెత్తి వచ్చువానికి దారి అడుగుటకు వ్యవధి ఉండదు. కంపలు కొట్టివేసి, గుంటలు పూడ్చియుంచుట పట్టణములోనివారి బాధ్యత. బందరులో, గుడివాడలో, దివిసీమలోని ప్రతి చిన్న గుడి వాకిటను ఆ కంపలు ఎవరు కొట్టవలెనో సంఘస్థులే ఎరుగుదురు. ఈ సంవత్సరము ముగియకమునుపే ఆ పని ప్రారంభమగును గాక.